తుడిచే ముందు

పండుగ వస్తున్నదంటే మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. పారవేయాలనే పక్షం మా శ్రీమతిది. ఉండనిమ్మనే పక్షం నాది. 2025 దీపావళికి ముందు కూడా అంతే జరిగింది. అటక మీది నుంచి చిల్లుల గంగాళం, కాలు విరిగిన పీట, ఎవరి పెళ్ళిదో తెలియని శుభలేఖల కట్ట దిగివచ్చాయి. ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని ఆమె, "ఇది ఉంచాల్నా, పారేయాల్నా?" అని అడగడం, నేను "ఉంచు" అనడం, ఆమె దానిని పారేసే గుట్టలో వేయడం క్రమం తప్పకుండా సాగింది. అయినా అడిగింది గదా! అడిగి పారేయడానికీ అడగకుండా పారేయడానికీ ఎంత అంతరం ఉన్నదో ఆ వారంలోనే నాకు తెలిసివచ్చింది. తెలియజెప్పింది మా ఇంటి కంప్యూటరు.

దానికి కూడా ఆ పండుగకే ముహూర్తం కుదిరింది. 2018లో కొన్న యంత్రం అది. విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టంతో నడిచేది. ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటని అడిగేవారు ఇంకా ఉంటే, ఇంటికి పెద్దకోడలు వంటిదని చెబుతాను. ఏ వస్తువు ఎక్కడున్నదీ, ఎవరికి ఏది ఎప్పుడు అందించాలీ, గుమ్మంలోకి వచ్చినవాడు చుట్టమా దొంగా, ఇవన్నీ ఆమె చూసుకోవాలి. 2015లో వచ్చిన ఆ విండోస్ 10 కు 2025 అక్టోబరు 14తో కాలం చెల్లింది. అంటే ఆ రోజున అది ఆగిపోయిందని కాదు. కొత్త కొత్త దొంగలను గుర్తుపట్టేందుకు కంపెనీవారు ఉచితంగా పంపే మరమ్మతులు ఆనాటితో ఆగిపోయాయి. గడువు కావాలని పేరు నమోదు చేసుకున్నవారికి మాత్రం 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ఇచ్చారు. తలుపులు ఉంటాయి, గడియలు ఉంటాయి, కావలివాడు మాత్రం ఉండడు. అంతే తేడా.

మా యంత్రం అప్పటికే ముసలి ఎద్దు నడక పట్టింది. పొద్దున మీట నొక్కి కాఫీ తాగివస్తే గాని కళ్ళు తెరిచేది కాదు. అంచేత దానిని పూర్తిగా తుడిచి, విండోస్ 11 ఎక్కించాలని నిశ్చయమైంది. మా ఆత్మకూరులో కంప్యూటర్లకు జ్వరం వస్తే చూసే కుర్రవాడు ఒకడున్నాడు. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, ఛందస్సు మొదలు పెట్టగానే నిద్రపోయినవాడే. కబురు చేస్తే సాయంత్రానికి వచ్చాడు. కాసేపు ఏవేవో నొక్కి చూశాడు.

"మీది కొత్తది ఎక్కుతది సార్. ఫికరు లేదు. కాని లోపల మస్తు చెత్త పేరుకున్నది. డిస్కుల గీతలు గూడ పాత పద్ధతిల గీసిన్రు. మొత్తం సాఫ్ చేసి ఎక్కిస్తె మంచిగుంటది. పైలంగ పెట్టుకునేటివి ఏమన్న ఉన్నయా?"

"నావన్నీ డి డ్రైవులో ఉన్నాయి. అవి పోవు గదా" అన్నాను, అంతా తెలిసినవాడిలాగా.

పాఠకులలో చాలామంది ఈ మాటే అని ఉంటారు. మన ప్రాంతంలో కంప్యూటరు అమ్మేవారు డిస్కును సి, డి అని రెండు భాగాలుగా చేసి ఇవ్వడం ఆనవాయితీ. సి లో విండోస్ ఉంటుంది, డి లో మన సామాను ఉంటుంది. సి ని తుడిచినా డి కి దెబ్బ తగలదు. ఇది మనకు వంశపారంపర్యంగా వచ్చిన విజ్ఞానం. ఇందులో కొంత నిజమే. కాని ఆ రెండూ రెండు చేలు కావు. ఒకే చేను మధ్యన వేసిన గట్టు అది. గట్టు ఉన్నన్నాళ్ళు అటు నీళ్ళు అటు, ఇటు నీళ్ళు ఇటు. చేనంతా కొత్తగా కొలిచి హద్దులు వేస్తామంటే మొదట పోయేది ఆ గట్టే.

"ఈసారి డి గూడ పోతది సార్" అన్నాడు కుర్రవాడు, మృదువుగానే.

అప్పుడు వంటింటి గుమ్మంలోనుంచి మా శ్రీమతి అడిగింది: "మరి అత్తమ్మ పాటలు యాడ పెట్టిన్రు?"

ఇక్కడ కొంచెం వెనకకు వెళ్ళాలి. మా అమ్మకు చదువు రాదు గాని పాట వచ్చు. ఇసుర్రాయి ముందు కూర్చుంటే ఒకటి, బతుకమ్మ పేరిస్తే ఒకటి, కురుమూర్తి జాతరకు బండి కడితే ఒకటి. మా ఊరివారికి కురుమూర్తిస్వామి జాతర దీపావళి తరువాతి పెద్ద పండుగ. 2009 వేసవి సెలవుల్లో ఆమె చెబుతుంటే నేను రాత్రిపూట కూర్చుని ఇరవై ఏడు పాటలు కంప్యూటరులో ఎక్కించాను. ఆ తరువాత 2012లో ఆమె పాడుతుండగా సెల్ ఫోనులో గొంతు కూడా పట్టి, దానిని కంప్యూటరులో దాచాను. దాచడమంటే, తెర మీద కంటి ఎదురుగా ఉండేట్టు పెట్టాను. ఎదురుగా ఉన్నది ఎక్కడికి పోతుంది?

2016లో ఆ పాత కంప్యూటరుకు వైరసు పట్టింది. పక్క పట్టణంలో ఒక దుకాణానికి తీసుకుపోయాను. రెండు రోజుల్లో కొత్త పెళ్ళికూతురులాగా ఇంటికి తిరిగివచ్చింది. తెర ఖాళీగా, నీలంగా, ఎంతో శుభ్రంగా ఉన్నది. చూసి సంతోషించాను కూడా. తెర మీద కనిపించేవన్నీ నిజానికి సి డ్రైవులోనే ఉంటాయని, దానిని తుడిస్తే అవీ పోతాయని నాకు తెలియదు. దుకాణంవారు అడగలేదు, నేను చెప్పలేదు. కొన్ని నెలలు గడిచాక అమ్మ గొంతు వినాలనిపించి వెతికితే లేదు. డి లో ఉన్న రాత మిగిలింది, సి లో ఉన్న గొంతు పోయింది.

ఆ సంగతి అమ్మతో చెప్పాను. "దానికేం బిడ్డా, మళ్ళ పాడితె పాయె" అన్నది. సెలవుల్లో చేద్దామన్నాను. సెలవులు వచ్చాయి, పరీక్ష పేపర్లు వచ్చాయి, చుట్టాల పెళ్ళిళ్ళు వచ్చాయి. 2017లో అమ్మ పోయింది.

మా శ్రీమతి గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్నలో ఇదంతా ఉన్నది. కుర్రవాడికి తెలియదు గాని మా ఇద్దరికీ తెలుసు. ఆ రాత్రి తుడిచే పని ఆపి, "రేపు రా తమ్మీ" అని అతడికి చాయ ఇచ్చి పంపించింది.

మరునాడంతా నేను కంప్యూటరు ముందు, ఆమె నా పక్కన. చిల్లుల గంగాళం విషయంలో జరిగినట్టే, ఒక్కొక్క అర తెరవడం, "ఇది ఉంచాల్నా?" అని ఆమె అడగడం. ఈసారి ఇద్దరి మాటా ఒకటయింది. పాటల ఫైలు, పిల్లల ఫోటోలు, భూమి కాగితాల నకళ్ళు, నా పాఠాల నోట్సు అన్నీ ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించాం. గుర్తుండేందుకు ఆమె దానికి ఎర్రదారం కట్టింది.

సాయంత్రం కుర్రవాడు వచ్చి, "సార్, ఎనిమిది జీబీ పెన్ డ్రైవు ఒకటియ్యున్రి. నాది మర్చిపోయి వచ్చిన" అన్నాడు. నేను చొక్కా జేబులో ఉన్నది తీసి ఇచ్చాను. అతడు దానిని గుచ్చబోతుండగా, "ఆ దారం చూడున్రి!" అని కేక వినిపించింది. విండోస్ ఎక్కించడానికి తయారుచేసే పెన్ డ్రైవు ముందుగా తనను తాను తుడుచుకుంటుందట! అందులో ఉన్నది యావత్తూ చెరిపి, ఆ స్థలంలో కొత్త వ్యవస్థను నింపుకుంటుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే దాచిపెట్టిన చెయ్యే దోచుకున్నట్టయ్యేది. వేరే పెన్ డ్రైవు ఇచ్చాం. ఆనాటి నుంచి మా ఇంట్లో దారం కట్టినది దేవుడి గూట్లోనే ఉంటున్నది.

తుడవడం మొదలయింది. పది నిమిషాలు పడుతుందేమోననుకున్నాను. రెప్పపాటులో అయిపోయింది! అనుమానం వచ్చి అడిగితే అతడు చెప్పిన సంగతి తెలుసుకోదగ్గది. త్వరగా తుడిచేటప్పుడు కంప్యూటరు పుస్తకంలోని పుటలు చెరపదు. విషయసూచిక ఒక్కటే చించేస్తుంది. ఏ అధ్యాయం ఏ పుటలో ఉన్నదో తెలియక, పుస్తకమంతా ఖాళీ అనుకుని, దాని మీదనే కొత్తది వ్రాయడం మొదలు పెడుతుంది. వ్రాసిన చోటల్లా పాతది పోతుంది. అంచేత పాత తరహా హార్డు డిస్కులో పొరపాటున ఏదైనా చెరిపితే, వెంటనే యంత్రం ఆపివేసి తెలిసినవారికి చూపాలి. దాని మీద ఇంకేమీ వ్రాయకూడదు. అప్పుడు దొరికే ఆశ ఉంటుంది. ఎస్.ఎస్.డి. అని ఇప్పుడు వస్తున్న కొత్త రకంలో ఆ ఆశ బహు తక్కువ. చెరిపిన చోటును అది తనంతట తానే త్వరలో శుభ్రం చేసుకుంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉన్నది. పాత కంప్యూటరు అమ్మేవారు త్వరగా తుడిచి, అంతా పోయిందనుకుంటే పొరపాటు. కొన్నవాడు తలచుకుంటే మీ బ్యాంకు కాగితాలు చదువుకోగలడు. అమ్మేటప్పుడు పూర్తిగా, పుటపుటా చెరిపే పద్ధతి వేరే ఉన్నది. ఆలస్యమైనా అదే చేయించాలి.

2016లో నేను ఆ పాత యంత్రం మీద నెలల తరబడి పని చేసుకుంటూ పోయాను. అమ్మ గొంతు మీద నా జీతం లెక్కలు వ్రాసుకున్నానన్నమాట. అది ఇప్పుడు తెలిసింది.

కొత్త వ్యవస్థ ఎక్కింది. యంత్రానికి పడుచుదనం వచ్చింది. కుర్రవాడు పైకం తీసుకుని పోయాడు. మేము ఎర్రదారం విప్పి పాటల ఫైలు తెరిచాం. తెరిస్తే ఏముంది? పౌండు గుర్తులు, నెత్తిన రెండేసి చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు. ఇరవై ఏడు పాటల నిండా అదే. ఒక్క తెలుగు అక్షరం లేదు.

తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. రాతప్రతుల్లో పట్టుబడని లిపిని కుస్తీ పట్టి చదివినవాణ్ణి. నేను వ్రాసినదే నేను చదవలేకపోవడం అదే మొదటిసారి.

కారణం ఇది. 2009లో నేను మా వైపు డి.టి.పి. కేంద్రాల్లో వాడే తెలుగు ఫాంటు ఒకటి పెట్టించుకుని టైపు చేశాను. ఆ తరం ఫాంట్లలో చాలావాటికి ఒక చిత్రం ఉండేది. కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్ళలోనే మన తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుముక్కలుగా బొమ్మలు చేసి కూర్చోబెట్టేవారు. లోపల ఉన్నది ఇంగ్లీషు గుర్తు. పైన వేషం తెలుగు. ఆ ఫాంటు ఉన్నంతసేపు వేషం నిలుస్తుంది. కంప్యూటరును తుడిస్తే ఫాంటు పోతుంది, వేషధారి రంగు కడుక్కుని నిలబడతాడు.

ఇందుకు విరుగుడు యూనికోడు. ప్రపంచంలోని లిపులన్నింటికీ అక్షరానికొక సంఖ్య ఇచ్చే ఏర్పాటు అది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అందులో మన 'అ' సంఖ్య 3077. ఆత్మకూరులో కొట్టినా, అమెరికాలో తెరిచినా, ఏ ఫాంటు తొడిగినా 3077 అంటే 'అ' యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో గౌతమి అనే యూనికోడు ఫాంటు కూడా ఇచ్చారు. అంటే నేను టైపు చేసేనాటికి ఈ మార్గం ఎనిమిదేళ్ళుగా తెరిచే ఉన్నది. అలవాటైన దారి వదలలేక నేనే అటు పోలేదు.

కుర్రవాడిని మళ్ళీ పిలిచాం. పాత ఫాంటు రాతను యూనికోడులోకి మార్చే సాధనాలున్నాయని చెప్పి, ఫైలును అందులో వేశాడు. క్షణంలో ఇంగ్లీషు గుర్తులు కరిగి తెలుగు పైకి తేలింది. మా శ్రీమతి చేతులు జోడించింది. నేను కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలు పెట్టాను. ఒత్తులు కొన్ని రాలిపోయాయి. 'బతుకమ్మ' చాలా చోట్ల 'బతుకమ' అయింది. దీర్ఘాలు కొన్ని పక్క అక్షరం మీదికి దూకాయి. కొన్ని చోట్ల ఒక మాట పోయి రెండు మాటలకు చాలినంత అనుమానం మిగిలింది.

నవ్వొచ్చింది నాకు. ఎందుకంటే ఇది మా వృత్తిలో పాత కథే. తాటాకు ఎంత జాగ్రత్త చేసినా పురుగు పడుతుంది, పెళుసవుతుంది. కావ్యం బతకాలంటే ఎవరో కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎత్తివ్రాయాలి. వ్రాసేవాడు తప్పులు చేస్తాడు. ఉన్నదున్నట్టు వ్రాశాను, తప్పు నాది కాదని చివర ఒక మాట వ్రాసుకోవడం లేఖకులలో మామూలే. ఆ తప్పులు దిద్దేవాడు మరొకడు రావాలి. బ్రౌను దొర కడపలో పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి ప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. మన గద్వాల ప్రాంతంవారు సురవరం ప్రతాపరెడ్డిగారు, తెలంగాణలో కవులు లేరని ఎవరో అన్నమాటకు వాదంతో జవాబివ్వలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. 354 మంది కవులు తేలారు. ఆయన అడిగారు గనుక ఇళ్ళలో పెట్టెలు తెరుచుకున్నాయి. అడగకపోతే ఆ కాగితాల్లో ఎన్ని ఏ పండుగకు ఏ పొయ్యిలోకి పోయేవో!

ఆ పెద్దల పక్కన నా పేరు పెట్టుకునే సాహసం లేదు. కాని వారం రోజులు రాత్రుళ్ళు నేనూ మా శ్రీమతీ చేసిన పని ఆ జాతిదే. నేను చదవడం, ఆమె వినడం. అత్తమ్మతో పదిహేనేళ్ళు బతుకమ్మ ఆడిన మనిషి. ఎక్కడ ఒత్తు రాలిందో నాకు కంటికి కనిపించకముందే ఆమెకు చెవికి తెలిసేది. "అట్ల కాదు" అని పాడి చూపించేది. అట్లా ఇరవై ఆరు పాటలు బాగుపడ్డాయి.

పందొమ్మిదో పాట మటుకు బాగుపడలేదు. అది కురుమూర్తిస్వామి పాట. సగంలో ఆగిపోయింది. తప్పు మార్చిన సాధనానిది కాదు. 2009లో ఆ రాత్రి కరెంటు పోతే, తెల్లవారి పూర్తి చేద్దామని వదిలేసినట్టున్నాను. పదహారేళ్ళు ఆ పాట పూర్తిగానే ఉన్నదని అనుకుంటూ ఉన్నాను. ఫైలు ఉన్నదనే ధైర్యమే గాని, తెరిచి చూసింది ఎప్పుడు?

మిగతా సగం అమ్మ దగ్గర ఉండేది. ఇప్పుడెవరి దగ్గర? మా శ్రీమతే అన్నది, "చిన్నమ్మకు రాదా?" అని. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. అమరచింత దగ్గర పల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నది. ఎనభై దాటాయి. జాతర రోజుల్లోనే ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం.

మొదట రాదన్నది. తరువాత గొంతు లేదన్నది. మేము వ్రాసుకున్న సగం నేను చదువుతుంటే ఊరుకోలేక, "ఆగు బిడ్డా! ఈడ మీ అమ్మ ఎప్పుడు తప్పే పాడేది" అని అందుకున్నది. అందుకున్నది ఆపకుండా చివరిదాకా పాడింది. మా అమ్మ పాఠం ఒకటి, చిన్నమ్మ పాఠం ఒకటి. ఏది సరి అని నేను తేల్చలేదు. రెండూ వ్రాసుకున్నాను. పాడుతున్నంతసేపు మా శ్రీమతి సెల్ ఫోను పట్టుకుని కూర్చున్నది. ముసలితనం వణుకు ఉన్నా, చరణం చివర గొంతు దించే తీరు ఇద్దరిదీ ఒక్కటే. 2016లో పోయినది తిరిగివచ్చిందని అనను. అది రాదు. దాని పోలిక వచ్చింది, అంతే.

పాఠక మహాశయులకు నేను చెప్పదలచినవి నాలుగే ముక్కలు. కంప్యూటరు తుడవవలసివస్తే తుడిపించండి; దానికి భయపడనవసరం లేదు. కాని ముందు రోజు ఇంట్లో అందరూ కూర్చుని ఏది ఎక్కడున్నదో చూడండి. తెర మీది వస్తువులు సి లో ఉంటాయి, డి అనేది వేరే పెట్టె కాదు, ఈ రెండూ మరవకండి. దాచినది ఒక్క చోట ఉంటే దాచనట్టే. ఇంట్లో రెండు చోట్ల, ఇంటి బయట ఒక చోట ఉండాలి. దాచిన తరువాత ఒకసారి తెరిచి, చివరి పుట దాకా చూడండి. పాత ఫాంటులో తెలుగు ఉంటే, ఆ ఫాంటు ఇంకా పని చేస్తున్నప్పుడే యూనికోడులోకి మార్పించండి. తుడిచిన తరువాత మార్పించడం కంటే తుడవక ముందు సరిచూసుకోవడం తేలిక. కొత్త కంప్యూటర్లలో కొన్నింటికి లోపల తాళం వేసి ఉంటుంది. దాని 48 అంకెల సంఖ్యను ముందే కాగితం మీద వ్రాసి ఉంచుకోండి.

చిన్నమ్మ ఇంటి నుంచి తిరిగివస్తుంటే బస్సులో మా శ్రీమతి సెల్ ఫోను నా చేతికిచ్చి, "దీన్ని ఎప్పుడు ఎక్కిస్తరు?" అని అడిగింది.

"సెలవుల్లో..." అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ రాత్రే ఎక్కించాను. మూడు చోట్ల.